తెరవని ఉత్తరాలు

“ఎంతమందయ్యారు?”

“పందొమ్మిది.”

“అరగంట కిందట కూడా పందొమ్మిదే అన్నావు కదే అమ్మాయ్!”

“అప్పుడూ పందొమ్మిదే, ఇప్పుడూ పందొమ్మిదే అత్తయ్యా.”

అత్తగారు చేతిలోని కాఫీ గ్లాసు భోజనాల బల్ల మీద ఠప్పున పెట్టింది. శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. బల్లకి ఒక చివర కోడలి లాప్‌టాప్, రెండో చివర ఎవరూ ముట్టని టిఫిను, మధ్యలో అట్టపెట్టె నిండా వారంటీ కార్డులు. నూట నలభై ఆరు కార్డులు. నూట నలభై ఆరు పిల్లల మంచాలు.

అన్నీ ప్రదర్శనలో మూడు రోజుల్లో అమ్ముడుపోయినవి. కొన్నవాళ్ళు ఎవరి బండిలో వాళ్ళు ఎక్కించుకుని పట్టుకుపోయారు. కార్డు మీద పేరూ, మెయిలూ తప్ప ఫోన్ నంబరు రాయించుకోవాలని ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు.

వాటిలో ఒకదాని పక్క చట్రం ఊడి, దాన్ని పట్టుకుని నిలబడ్డ పదినెలల పిల్లాడు కింద పడ్డాడు. గురువారం సాయంత్రం ఆ తల్లిదండ్రులు చట్రాన్ని చంకన పెట్టుకుని మరీ వచ్చారు. కింద మందపాటి తివాచీ ఉండబట్టి పిల్లాడికి గీత కూడా పడలేదు. మామగారు ఆ చట్రం బెజ్జాల్ని వేలితో తడిమి చూశారు. “కొలత జారింది. ప్రదర్శన కోసం చేసినవాటన్నిటికీ ఇదే కొలత,” అన్నారు. అంతే, షెడ్డులోకి వెళ్ళిపోయారు. అప్పటినుంచి షెడ్డులో రంపం చప్పుడు లేదు, చిత్రిక చప్పుడు లేదు. నిన్న సాయంత్రం కొన్నవాళ్ళందరికీ షాపు తరఫున మెయిల్ పోయింది.

“ఆ పందొమ్మిది మందికైనా సంగతి తెలిసినట్టేగా?” అంది అత్తగారు.

“చెప్పలేం. తెరిచినట్టు లెక్క చూపిస్తుంది గానీ, కొన్ని ఫోన్లు మనిషి చూడకపోయినా మెయిల్‌ని వాటంతట అవే తెరిచేస్తాయి.”

“అంటే వీధి తలుపు తీసుంది కాబట్టి ఇంట్లో మనుషులున్నారనుకోవడం లాంటిదన్నమాట.”

“అంతే. కింద పెట్టిన ఫారం నింపినవాళ్ళు ఇద్దరే.”

“ఇద్దరైనా నింపారు. ఏమన్నారు?”

కోడలు తెర మీద వేలు పెట్టి చూపించింది. “ఒకావిడ చూశానంది. ఇంకొకాయన... దయచేసి నాకు మెయిళ్ళు పంపడం ఆపండి అన్నాడు.”

కిటికీ దగ్గర నిలబడ్డ ఆమె భర్త ఇటు తిరిగాడు. రెండు రోజులుగా గడ్డం గీయలేదు. “ఇవాళ్టి దాకా ఆగుదాం. శనివారం కదా, జనం లేటుగా లేస్తారు.”

“పది నెలల పిల్లలున్న ఇళ్ళలో లేటుగా ఎవరు లేస్తారండీ?”

“మరి నన్నేం చెయ్యమంటావ్? మెయిళ్ళు చూసేది నువ్వు. ఎందుకు తెరవట్లేదో నువ్వే చెప్పాలి.”

“చెప్పాను. రెండేళ్ళ కిందట చెప్పాను.”

“మళ్ళీ అదే మొదలుపెట్టకు.”

“మొదలుపెట్టింది నేను కాదు.” ఆమె గొంతు పెరగలేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది. “వారానికొక్కటి పంపుదాం, పిల్లల గురించి పనికొచ్చే మాట ఏదైనా రాద్దాం అన్నాను. రోజుకొకటి పోవాల్సిందే అన్నారు. సోమవారం ‘ఈరోజే ఆఖరు’. మంగళవారం ‘మీ కోసం ఒక్కరోజు పొడిగించాం’. బుధవారం ‘ఇక నిజంగా ఆఖరు’. మొదట్లో వందకి నలభై మంది తెరిచేవారు. తర్వాత ముప్పై. తర్వాత పదమూడు. నిన్న కూడా పదమూడే.”

“రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు?” అంది అత్తగారు, ఎవరి వైపూ చూడకుండా.

“అమ్మా, నువ్వూ మొదలెట్టకు!”

“నేనేమన్నాన్రా? సామెత చెప్పాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకోదు.”

“అది ఒక్కటే కాదు,” అంది కోడలు. “ఎవరూ తెరవని మెయిళ్ళు రోజూ పంపుతుంటే, మెయిల్ పెట్టె నడిపేవాళ్ళే మనల్ని చెత్త కింద జమకట్టేస్తారు. నిన్నటిది సగం మందికి కంటికి కూడా ఆని ఉండదు. ఆనినవాళ్ళకి పైన ఏం కనపడింది? ‘మా విలువైన కస్టమర్లకు ఒక ముఖ్య గమనిక’. అది చూసి ఎవరు తెరుస్తారు?”

“నువ్వు రాసింది పెట్టుంటే గుండె ఆగి చచ్చేవాళ్ళు!”

“తెరిచేవాళ్ళు.”

అతను కిటికీ వదిలి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“నాన్న పేరు బజార్న పడకూడదనే అలా రాయించాను,” అన్నాడు. “నలభై ఏళ్ళుగా ఆయన చేసినదానికి వంక పెట్టిన మనిషి లేడు.”

అత్తగారి ఫోను మోగింది. చిట్టి. ఆ ఇంటి ఆడపిల్ల, వేరే ఊళ్ళో ఉంటుంది, తనకీ ఏడునెలల పాప ఉంది.

అత్తగారు ఫోను బల్లమీద పెట్టి స్పీకరు నొక్కింది.

“అమ్మా, నాన్న ఏమైనా తిన్నారా?”

“లేదే. షెడ్డులోంచి బయటికే రావట్లేదు. నిన్నటి మెయిల్ నీకూ వచ్చిందిగా, చూశావా?”

“ఏ మెయిలు?”

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మన షాపు మెయిలే చిట్టీ,” అన్నాడు అన్న. “నిన్న సాయంత్రం పంపాం. నువ్వు కూడా లిస్టులో ఉన్నావు.”

“మన మెయిళ్ళు నేను చూడను అన్నయ్యా.”

“చూడవా? సొంత చెల్లెలివి!”

“చెల్లెల్ని కాబట్టే నోరు మూసుకుని ఊరుకున్నాను, లేకపోతే ఎప్పుడో ఆపెయ్యమని రాసేదాన్ని. వారానికి ఏడు ఆఖరి అవకాశాలు! మనిషికి చావు కూడా ఒక్కసారే వస్తుంది అన్నయ్యా.”

అత్తగారు నవ్వబోయి, కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు లాప్‌టాప్ పక్కకి నెట్టి ఫోను దగ్గరికి జరిగింది.

“చిట్టీ, పోట్లాట తర్వాత. నిజం చెప్పు. నువ్వు మెయిళ్ళు ఎప్పుడు చూస్తావ్? ఎలా చూస్తావ్?”

“నాకెక్కడ తీరిక వదినా? పొద్దున్న పాలిచ్చేటప్పుడు ఒకసారి. మళ్ళీ పదింటికి ఇది పడుకుంటే ఒకసారి. ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో గబగబా తోసేస్తుంటాను.”

“తోసేటప్పుడు ఏం కనపడుతుంది?”

“ఎవరు పంపారో కనపడుతుంది. పక్కన నాలుగైదు మాటలు. అంతే.”

“ఏవైతే ఆగుతావ్?”

చిట్టి ఆలోచించింది. వెనకాల పాప ఏదో రాగం తీస్తోంది. “ఆ నాలుగు మాటలూ నా పిల్ల గురించి అయితే ఆగుతాను. మీ షాపు గురించి అయితే తోసేస్తాను. పంపింది మనిషైతే ఆగుతాను. కంపెనీ అయితే తోసేస్తాను.”

కోడలు ఒక వారంటీ కార్డు వెనక్కి తిప్పి పెన్ను తీసుకుంది. ఒక్కొక్కటే రాసి చదివింది. ‘భద్రతా సూచన’. చిట్టి తోసేస్తానంది. ‘మీరు కొన్న మంచం గురించి’. తర్వాత చూద్దామనుకుని మర్చిపోతానంది. ‘మంచం పక్క చట్రం ఊడవచ్చు’. తెరుస్తానేమో అంది.

“సరే, ఇది విను. ‘పాపను ఇవాళ ఆ మంచంలో పడుకోబెట్టకండి’.”

అటు నుంచి మాట లేదు.

“చిట్టీ?”

“నా మంచం ఆ రకం కాదని, నాన్న విడిగా చేసిచ్చిందని తెలుసు,” అంది చిట్టి నెమ్మదిగా. “అయినా ఇప్పుడు లేచి వెళ్ళి పాపని ఎత్తుకున్నాను వదినా.”

“అదే పంపండి,” అన్నారు ఎవరో వెనక నుంచి.

పెరటి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. కనుబొమల మీద గురువారంనాటి రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలీదు. వచ్చి కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నారు.

“రాసుకో అమ్మా. నేను చెప్తాను.”

“నాన్నా, ముందు లాయర్ని ఒకమాట...”

“రాసుకో.” ఆయన కొడుకు వైపు తిరగలేదు. కళ్ళు సగం మూసుకుని, గజం బద్ద పెట్టి గీత గీసినంత జాగ్రత్తగా చెప్పారు.

“నేను మీ పిల్లల మంచం చేసిన వడ్రంగిని. పక్క చట్రానికి నేను వేసిన బెజ్జాలు అవసరానికి మించి పెద్దవయ్యాయి. బిడ్డ పట్టుకుని లేస్తే చట్రం ఊడి రావచ్చు. తప్పు నాది. ఇవాళ్టి నుంచి బిడ్డను అందులో పడుకోబెట్టకండి, పరుపు నేలమీద వేసుకోండి. ఈ ఉత్తరం చూసినట్టు ఒక్క మాట రాయండి, లేదా కింది నంబరుకి ఫోన్ చెయ్యండి. మీరు ఎక్కడున్నా నేనే వచ్చి బాగు చేస్తాను.”

“‘తప్పు నాది’ తీసెయ్యి,” అన్నాడు భర్త. “ఆ మాట ఒక్కటి రాశామంటే షాపు మూసుకోవాల్సిందే.”

“ఇంకో బిడ్డ పడితే తెరుచుకుని ఉంటుందా?”

“నేనదనట్లేదు నాన్నా!”

“నువ్వు దేనికి భయపడుతున్నావో నాకు తెలుసురా. నా పరువుకి. నా పరువు నాకొదిలెయ్. చేతులు నావి, బెజ్జం నాది, పరువూ నాదే.” కార్డుల పెట్టె తన ముందుకి లాక్కున్నారు. “నీ ‘ముఖ్య గమనిక’ వెనకాల నన్ను దాచిపెట్టకు.”

భర్త బల్ల మీదున్న బండి తాళం తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బండి స్టార్టయిన చప్పుడు, వీధి మలుపు దాకా వెళ్ళిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

“వీడికి కోపం వస్తే పెట్రోలు తగలేస్తాడు,” అంది అత్తగారు. కానీ కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

కోడలు కొత్త మెయిల్ అడ్రసు తయారుచేసింది. పంపినవారి చోట షాపు పేరు లేదు, మామగారి పేరే.

“ఇంతకుముందు ఎవరి పేరుతో పోయేవి?” అని అడిగారాయన.

“షాపు పేరుతో. అడ్రసు మాత్రం ‘జవాబు ఇవ్వవద్దు’ అని ఉండేది మామయ్యా.”

“ఉత్తరం మనమే రాసి, జవాబు మాత్రం రాయొద్దంటామా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఇదెక్కడి మర్యాద!”

ఆమెకి సిగ్గేసింది. అలా పెట్టింది తనే. అందరూ అలాగే పెడతారని పెట్టింది.

టోకున పంపితే మళ్ళీ చెత్తలో పడతాయని ఒక్కొక్కటే పంపుదామంది. బొమ్మలు లేవు, ఎర్ర అక్షరాలు లేవు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కార్డు తీసి పేరూ అడ్రసూ చదవడం, కోడలు కొట్టడం, మామగారు పక్కన కూర్చుని ప్రతి పేరునీ పెదాలతో ఒకసారి అనుకోవడం. ఇద్దరు ఆడవాళ్ళూ వంచిన నడుం ఎత్తలేదు. తొమ్మిదింబావుకి మొదలుపెడితే పదకొండుకి ఆఖరి కార్డు అయింది.

ఆఖరిది పోకముందే జవాబులు మొదలయ్యాయి.

మొదటిది పదింటికి ఒక నిమిషం ముందు వచ్చింది. “చూశాం. మంచం పక్కకి జరిపేశాం. మీ అంతట మీరే చెప్పారు, చాలా సంతోషం తాతగారూ.”

మామగారు రెండుసార్లు చదివించుకున్నారు.

తర్వాత ఒకటి. తర్వాత మూడు ఒకేసారి. “మా కవలలిద్దరూ నేలమీద హాయిగా దొర్లుతున్నారు.” “మావాడు ఆ మంచంలో ఒక్కరోజూ పడుకోలేదండీ, మా పిల్లి పడుకుంటోంది. పిల్లికి కూడా చెప్పాం.” అత్తగారు ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. గురువారం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఇంకొకటి చదవబోయి కోడలు ఆగింది.

“చదువు,” అన్నారు మామగారు.

“‘రెండు వారాలుగా కదులుతోంది. పట్టించుకునేవాళ్ళే లేరా? ఇలాంటివి అమ్మడానికి సిగ్గుండాలి.’”

“నిజమే,” అన్నారాయన. “వీళ్ళింటికి మొదట వెళ్దాం. కార్డు విడిగా పెట్టు.”

పదకొండున్నరకి వచ్చినదాన్ని మాత్రం ఆమె పైకి చదవలేకపోయింది. లాప్‌టాప్ అత్తగారి వైపు తిప్పింది. ఆవిడ బళ్ళో చదివినట్టే గొంతు సవరించుకుని చదివింది. “మీ మెయిల్ చూసి ఇప్పుడే వెళ్ళి చట్రం ఊపి చూశాను. నా చేతిలోకి వచ్చేసింది. పాప అప్పటికి నా చంకలోనే ఉంది. పడుకోబెడదామనే తీసుకెళ్తున్నాను. ఇంతకన్నా ఏం రాయాలో తెలీడం లేదు.”

మామగారు రెండు అరచేతులతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. అత్తగారు కుర్చీ దగ్గరికి జరిపి, ఆయన కనుబొమల మీది పొట్టు కొంగుతో తుడిచింది. ఏమీ అనలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఒంటిగంటకి తొంభై ఏడు మంది జవాబిచ్చారు. అప్పుడే బండి చప్పుడయింది. భర్త ఒక బరువైన సంచి మోసుకొచ్చి గుమ్మంలో దింపాడు. లోపల ఇనప పలకలు, అరచేతి వెడల్పువి, నాలుగేసి చిల్లులతో.

“మంచానికి రెండు,” అన్నాడు ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా. “బెజ్జం మీద నుంచి ఇది బిగిస్తే ఏనుగు ఊపినా ఊడదు. దుకాణంలో లేవంటే కటింగ్ వాడి దగ్గర కూర్చుని కోయించాను. రెండువందల తొంభై రెండు.”

మామగారు ఒక పలక తీసి వెలుతురుకి పట్టి చూశారు. అంచు మీద బొటనవేలు నడిపించారు. “అంచులు గరుగ్గా ఉన్నాయి. ఆకురాయి పట్టాలి. పిల్లల చేతులు తగులుతాయి.”

“పడతాను.”

“ఇద్దరం పడదాం.”

భర్త వచ్చి కోడలి వెనకాల నిలబడ్డాడు.

“ఎంతమంది తెరిచారు?”

“తెలీదు. ఇది మామూలు ఉత్తరం. తెరిచిందీ లేనిదీ చూపించే లెక్కేమీ ఇందులో లేదు.”

“మరెలా తెలుస్తుంది?”

“జవాబిస్తే తెలుస్తుంది. తొంభై ఏడు మంది ఇచ్చారు.”

అతను ఆ అంకె నమ్మలేనట్టు వంగి చూశాడు. తర్వాత, అడక్కుండానే, బల్ల చివర ఎండిపోయిన టిఫిను పళ్ళాలు తీసి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. లోపల గిన్నెల చప్పుడయింది. అందరికీ అన్నం వడ్డించుకొచ్చింది అతనే.

ఎనిమిది మెయిళ్ళు అడ్రసు తప్పని తిరిగొచ్చాయి. అవి అత్తగారి వంతు. వంకరటింకర చేతిరాతలు ముప్పై ఏళ్ళు దిద్దిన కళ్ళవి. “ఇది ‘ఓ’ కాదే, సున్నా. చూడు, నిలువుగా సాగదీశాడు. ఇది ఇంగ్లీషు ‘ఎల్’ అనుకున్నావా? ఒకటి. వీడు ఒకట్లన్నిటికీ టోపీ పెడుతున్నాడు. ఇలాంటివాడికి నేను మార్కులు కోసేదాన్ని.” తిరిగొచ్చిన ఎనిమిదిలో ఏడు గమ్యం చేరాయి.

మూడింటికి జవాబు రానివాళ్ళకి కోడలు ఇంకోటి పంపింది. అదే మాట మళ్ళీ పెట్టలేదు. ‘మీ బిడ్డ క్షేమమని ఒక్క మాట చాలు’ అని పైన పెట్టింది. అటు చిట్టి తను ఉండే తల్లుల గ్రూపుల్లో పెట్టి ఆరుగురిని వెతికి పట్టుకుంది. పట్టుకున్నప్పుడల్లా ఫోను చేసి, “ఇదిగో ఇంకొకటి! నాకు కమిషనేమిటి?” అని నవ్వింది. మామగారి ఫోను సాయంత్రమంతా మోగుతూనే ఉంది. “ఆ... నేనే అమ్మా. వడ్రంగినే. లేదు లేదు, మీరు తేనక్కర్లేదు, నేనే వస్తాను.” మొదట్లో నిలబడి మాట్లాడిన మనిషి, ఆరింటికల్లా కాలు మీద కాలు వేసుకుని, పిల్లల పళ్ళ గురించి సలహాలు చెప్పడం మొదలుపెట్టారు.

“నూట నలభై అయిదు,” అంది కోడలు.

మిగిలింది ఒక్క కార్డు. చేతిరాత ముత్యాల్లా ఉంది. తప్పు చదవడానికి వీల్లేదు. అయినా మెయిల్ తిరిగొచ్చింది. అలాంటి అడ్రసు ఇప్పుడు లేదట.

“మార్చేసుంటాడు,” అంది అత్తగారు. “ఇంత శుభ్రంగా రాసే మనిషి, అడ్రసు మారితే చెప్పకుండా ఉంటాడా?”

“చెప్తే మాత్రం ఎక్కడికి చెప్తాడత్తయ్యా? మనం జవాబు ఇవ్వొద్దన్నాంగా.”

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. భర్త వైపు చూసింది. అతనూ ఆమెనే చూస్తున్నాడు.

“ఆ అడ్రసుకి కూడా ఒక పెట్టె ఉంటుంది కదూ?” అన్నాడు.

“ఉంటుంది. పెట్టిన రోజు తర్వాత ఎప్పుడూ చూడలేదు.”

పాస్‌వర్డు గుర్తు తెచ్చుకోవడానికి పావుగంట పట్టింది. పెట్టె తెరుచుకుంది. చదవనివి ఆరువందల పన్నెండు.

ఆమె కార్డు మీది పేరు కొట్టి వెతికింది. ఒక్కటే దొరికింది, మూడు నెలల కిందటిది. ‘నా మెయిల్ అడ్రసు మారిందండీ. ఇకనుంచి దీనికి పంపండి. వీలుకోసం ఫోన్ నంబరు కూడా ఇస్తున్నాను.’

మామగారే ఫోను చేశారు. స్పీకరులో మోగుతున్నంతసేపూ అత్తగారు బల్ల అంచు పట్టుకునే ఉంది. ఎత్తిన మనిషి అంతా విన్నాడు.

“అయ్యో, కంగారు పడకండి! బిడ్డ ఇంకా పుట్టలేదండీ. వచ్చే నెల. మంచం అట్టపెట్టెలోనే ఉంది, తాడు కూడా విప్పలేదు.”

మామగారు ఫోను చేతిలో పట్టుకునే నవ్వారు. మొదట చప్పుడు లేకుండా, తర్వాత ఒళ్ళంతా ఊగేలా. “మంచిది బాబూ. బిడ్డ వచ్చేలోపు నేనొస్తాను. అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో.” అత్తగారు, “హమ్మయ్య! అందరికీ కాఫీ,” అని లేచి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి కోడలి తల మీద చెయ్యి వేసి వెళ్ళింది. కోడలు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న మెడ నరాలు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆ నూట నలభై ఆరు మంచాల్లో ఈ రాత్రి ఏ బిడ్డా పడుకోదు.

“సోమవారం నుంచి ఏం పంపాలో నువ్వే చెప్పు,” అన్నాడు భర్త ఆమె పక్కన కూర్చుంటూ. “అసలు పంపాలో వద్దో కూడా.”

“ముందు వీటికి జవాబులు రాద్దాం.” కళ్ళు తెరవకుండానే తెర వైపు చెయ్యి చూపించింది. “ఆరువందల పదకొండు ఉన్నాయి.”

“సరే. ఒక్కొక్కటే చదువుతాను.” అతను లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. చక్రాలు దొరుకుతాయా అని ఒకరు. రంగు చాలా బాగుందని ఒకరు. ఇక పంపొద్దని చాలామంది. అతను పెదాలు బిగించి చదువుతూ కిందికి వెళ్ళాడు. ఒకచోట ఆగాడు.

చాలాసేపు కదలకపోతే ఆమె కళ్ళు తెరిచింది.

తేదీ అయిదు వారాల కిందటిది. పేరు గురువారం చట్రం పట్టుకొచ్చినవాళ్ళది.

‘నమస్తే. మంచం చాలా నచ్చింది. పక్క చట్రం మాత్రం కాస్త కదులుతున్నట్టుంది. మా బాబు ఇప్పుడిప్పుడే పట్టుకుని లేస్తున్నాడు. వీలున్నప్పుడు ఎవరైనా వచ్చి ఒకసారి చూస్తారా? తొందరేం లేదు.’

వంటింట్లో అత్తగారు ఏదో పాట కూనిరాగం తీస్తోంది. షెడ్డులోంచి మామగారు ఇనుము మీద ఆకురాయి రాస్తున్న చప్పుడు వినపడుతోంది.

“గురువారం వాళ్ళు ఈ మాటే ఎత్తలేదు,” అన్నాడతను.

“మనం చదివి కూడా ఊరుకున్నాం అనుకుని ఉంటారు.”

“నాన్నకి చెప్పాలా?”

“చెప్పాలి. కానీ ముందు వాళ్ళకి చెప్పాలి.” ఆమె గురువారం రాసుకున్న నంబరు తీసింది. “నేను చెయ్యనా?”

అతను తల అడ్డంగా ఊపి ఫోను అందుకున్నాడు. నాలుగోసారి మోగాక ఆ తల్లి ఎత్తింది. వెనకాల పిల్లాడు ఏదో వస్తువుని నేలకేసి కొడుతున్నాడు, కొట్టినప్పుడల్లా కేరింతలు. ఆ కేరింత వింటూ అతను ఒక్క క్షణం మాట మర్చిపోయాడు.

“హలో? ఎవరండీ?”

“మంచాల షాపు నుంచండీ. వడ్రంగి గారి అబ్బాయిని. అయిదు వారాల కిందట మీరు మాకొక మెయిల్ రాశారు.” తెర మీది తేదీ మరోసారి చూశాడు. “అది ఇప్పుడే తెరిచాను.”

అటువైపు చప్పుడు ఆగింది. పిల్లాడి చేతిలో వస్తువు ఎవరో మెల్లగా తీసుకున్నట్టుంది.

“ఒక్క నిమిషం ఉండండి,” అంది ఆమె. “మా ఆయన్ని పిలుస్తాను.”